పెంపుడు పాము తోకకి దెబ్బ తగిలినా, వాపు వచ్చినా: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో బాల్ పైథాన్లు, కార్న్ స్నేక్‌లు, బోవాలు లాంటి విదేశీ పాముల్ని పెంచేవాళ్లు తోక గురించి అడిగే ప్రశ్నలు చాలాసార్లు ఆలస్యంగానే వస్తాయి. పాము అరవదు, మూలగదు. తోక వాచినా మామూలుగానే చుట్టుకుని పడుకుంటుంది, ఒక్కోసారి తిండి కూడా తింటుంది. మనం గమనించేసరికి చివర నల్లబడి ఉంటుంది. ఈ పేజీ డాక్టర్‌కి బదులు కాదు. ఎంత తొందరగా వెళ్లాలో, వెళ్లేలోపు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియడం కోసం రాసింది.

అసలు పాముకి తోక ఎక్కడ మొదలవుతుంది?

పాముని మెల్లగా పట్టుకుని పొట్ట వైపు చూడండి. తల దగ్గర్నుంచి వెడల్పాటి పొలుసులు ఒకే వరసలో వస్తాయి. చివరికి దగ్గరగా అడ్డంగా ఒక చీలిక ఉంటుంది. దాన్ని పెంచేవాళ్లు, డాక్టర్లు వెంట్ అంటారు. మలం, మూత్రపు తెల్లముద్ద, గుడ్లు అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఆ చీలిక తర్వాత ఉన్నదే తోక. బాల్ పైథాన్‌కి తోక బాగా పొట్టి, కార్న్ స్నేక్‌కి కాస్త పొడవు.

ఇది ముందు తెలుసుకోవాలి. ఎందుకంటే చాలామంది "తోక వాచింది" అని చూపించే వాపు తోకది కాదు, వెంట్‌కి ముందు, అంటే ఒంట్లో ఉన్నది. అక్కడ పేగు చివర, మూత్రపిండాలు, ఆడపాముకైతే గుడ్లు ఉంటాయి. తోకలో ఉండేవి వేరు: వెన్నుపూసలు, కండ, రక్తనాళాలు, వాసన గ్రంథులు, మగపాముకైతే జననాంగాలు. డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు "వెంట్‌కి ఇంత ముందు" లేదా "ఇంత వెనక" అని చెప్పగలిగితే సగం పని అయినట్టే.

వాపు ఎక్కడుంటే దేన్ని అనుమానించాలి?

వెంట్‌కి వెంటనే వెనక, రెండు పక్కలా సమానంగా లావుగా ఉంటే కంగారు పడకండి, అది మగపాము అయ్యుండొచ్చు. మగపాముల్లో హెమిపెనిస్ అనే జననాంగాలు రెండు, తోక మొదట్లో లోపలికి మడిచి ఉంటాయి. అందుకే అక్కడ తోక లావుగా కొంత దూరం వెళ్లి తర్వాత సన్నబడుతుంది. పుట్టినప్పటి నుంచి అలాగే ఉంటే అది వాపు కాదు.

అదే చోట ఒకవైపే లావుగా ఉంటే ఆలోచించాలి. హెమిపెనిస్ సంచిలో స్రావం గడ్డకట్టి బిరడాలా ఇరుక్కోవచ్చు. వాసన గ్రంథి మూసుకుపోయి చీము పట్టొచ్చు. ఆడపాముల్లోనూ వాసన గ్రంథులు ఉంటాయి కాబట్టి "మాది ఆడది" అని కొట్టిపారేయకండి. ఆడా మగా తేల్చడానికి ఎవరో సన్నని కడ్డీ పెట్టి చూసిన తర్వాత వాపు వస్తే, లోపల గాయమైందనే అనుకోవాలి. చేయి తిరిగినవాళ్లు తప్ప ఆ పని ఎవరూ చేయకూడదు. వీడియో చూసి ఇంట్లో చేయడం నాకు అస్సలు నచ్చదు.

తోక మధ్యలో ఒక్కచోట గట్టి గడ్డ ఉంటే పాత దెబ్బ, విరిగి అతుక్కున్న ఎముక, చీముగడ్డ, అరుదుగా కణితి. చివర మాత్రమే ఉబ్బి, దాని ముందు సన్నగా నొక్కుకుపోయినట్టు ఉంటే ఏదో బిగుసుకుంది. అది తొందర పడాల్సిన విషయం, కింద వివరంగా రాశాను.

వెంట్‌కి ముందు వాపైతే మలబద్ధకం, గట్టిపడిన యూరేట్ (పైన చెప్పిన మూత్రపు తెల్లముద్ద), గుడ్లు ఇరుక్కోవడం, మూత్రపిండాల జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. పైనుంచి నొక్కి కిందికి తోసే ప్రయత్నం చేయకండి. లోపల పేగు చినిగే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే, స్కాన్ తర్వాతే ఏదైనా.

తోక చివర నల్లగా, ఎండినట్టు అయింది. దెబ్బేమీ తగల్లేదు. ఎందుకు?

నన్నడిగితే, పెంపుడు పాములు తోక పోగొట్టుకోవడంలో మనం తేలిగ్గా ఆపగలిగినది ఇదే. కారణం చాలాసార్లు పాత కుబుసం. ఒళ్లంతా కుబుసం విడిచినా, సన్నగా ఉండే తోక చివర ఒక తొడుగు మిగిలిపోతుంది. తర్వాతి సారి దాని మీద ఇంకో పొర. అది ఎండి ముడుచుకునే కొద్దీ వేలికి దారం బిగించి కట్టినట్టు పట్టేస్తుంది. రక్తం వెళ్లదు. ముందు చివర ఉబ్బుతుంది, రంగు మారుతుంది, తర్వాత చచ్చి నల్లగా గట్టిపడుతుంది. కార్పెట్ పోగు, తల వెంట్రుక, టవల్ దారం చుట్టుకున్నా ఇదే జరుగుతుంది.

మన ఊళ్లో దీనికి రెండు విషయాలు తోడవుతాయి. ఒకటి మార్చి నుంచి వాన పడేదాకా ఉండే పొడి ఎండ. రెండోది అన్ని నెలల్లోనూ ఉండేది, ఏసీ. ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది, మనకి హాయిగా ఉన్నా పాముకి కుబుసం సరిగా ఊడదు. బాల్ పైథాన్‌కి గాలిలో తేమ సుమారు 55 నుంచి 70 శాతం ఉండాలి, కుబుసానికి ముందు కళ్లు పాలరంగులోకి మారినప్పుడు ఇంకాస్త ఎక్కువ. కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 చాలు. తేమ కొలిచే డిజిటల్ మీటర్ పెద్ద ఖర్చేమీ కాదు, తప్పకుండా పెట్టండి. తడి స్పాగ్నమ్ నాచు వేసిన మూత డబ్బాకి ఒక రంధ్రం చేసి లోపల పెడితే పాము తనకి కావాల్సినప్పుడు అందులోకి వెళ్తుంది.

ఊడిన కుబుసాన్ని పారేయకండి, విప్పి చివర చూడండి. తోక చివర సూదిగా మూసుకుని ఉంటే మొత్తం వచ్చేసినట్టే. చివర తెగి, గొట్టంలా తెరుచుకుని ఉంటే మిగిలింది పాము తోక మీదే ఉంది. కళ్ల మీది పొరలు వచ్చాయా లేదా కూడా అప్పుడే చూసుకోవచ్చు. ప్రతి కుబుసానికీ ఇది చేసే ఇంట్లో నల్లతోక సమస్య దాదాపు రాదు.

నల్లబడిన భాగం మళ్లీ బతకదు. నూనె రాసినా, నానబెట్టినా లాభం లేదు. పొడిగా, గట్టిగా, వాసన లేకుండా, బతికిన చర్మానికీ దానికీ మధ్య గీత స్పష్టంగా ఉంటే కొద్ది రోజుల్లో డాక్టర్‌కి చూపించండి. తడిగా, కుళ్లు వాసనతో, గీత పైకి పాకుతుంటే ఆ రోజే వెళ్లాలి. వెన్నుపూసల వెంట ఇన్ఫెక్షన్ పైకి ఎక్కితే ప్రాణం మీదికే వస్తుంది. కొన్ని రకాలకి తోక సహజంగానే నల్లగా ఉంటుంది కాబట్టి ముందు పాత ఫొటోలతో పోల్చి చూడండి.

మిగిలిపోయిన కుబుసాన్ని ఇంట్లో తీయొచ్చా?

చర్మం మామూలు రంగులో ఉండి, వాపు లేకపోతే తీయొచ్చు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాకి గాలి రంధ్రాలు పెట్టి, 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పాము ఒంటి ఎత్తులో సగం కూడా రాకుండా పోసి, 20 నిమిషాలు ఉంచండి. పక్కనే ఉండండి, వదిలేసి పోకండి. తర్వాత తడి టవల్‌ని చేత్తో వదులుగా పట్టుకుని పాముని దాని గుండా దానంతట అదే పాకనివ్వండి. రాకపోతే మర్నాడు మళ్లీ. గోళ్లతో గీకడం, ట్వీజర్‌తో లాగడం వద్దు, కింది కొత్త చర్మం కూడా ఊడొస్తుంది. రెండు మూడు రోజుల్లో రాకపోయినా, వాపు మొదలైనా డాక్టర్‌కి వదిలేయండి.

ట్యాంక్ అద్దం జరుపుతుంటే తోక నలిగింది. రక్తం వస్తోంది.

శుభ్రమైన గాజ్ గుడ్డతో ఐదు పది నిమిషాలు నొక్కి పట్టండి, మధ్యమధ్యలో ఎత్తి చూడకండి. రక్తం ఆగాక సెలైన్‌తో కడగండి. పోవిడోన్ అయోడిన్ ఉంటే పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి, దానితో తుడవొచ్చు. కోకోపీట్, చెక్కపొట్టు అన్నీ తీసేసి తెల్ల టిష్యూ పేపరో, పాత న్యూస్ పేపరో పరవండి. గాయానికి పొట్టు అంటుకోదు, రక్తమో రసమో కారితే వెంటనే కనిపిస్తుంది. ఈత కొట్టేంత పెద్ద నీళ్ల గిన్నె తీసి తాగడానికి చిన్నది పెట్టండి.

కట్టు బిగించి కట్టకండి. తోక సన్నగా ఉంటుంది కాబట్టి కొద్దిగా బిగుసుకున్నా మళ్లీ అదే రక్తం ఆగే సమస్య.

ఎముక కనిపిస్తున్నా, తోక వేలాడుతున్నా, నలిగిన చోటికి వెనక భాగం కదలకపోయినా, చల్లగా పాలిపోయినా వెంటనే ఆసుపత్రి. పైకి గీత కూడా పడకుండా లోపల వెన్నుపూస విరగొచ్చు, అందుకే నలిగిన తోకకి ఎక్స్‌రే తీయించమనే నేను చెబుతాను.

తోక పట్టుకుని పాముని తలకిందులుగా ఎత్తడం కూడా ఇలాంటి గాయమే చేస్తుంది, ముఖ్యంగా బరువైన పైథాన్లకి. రీల్స్ కోసం పిల్లలు అలా పట్టుకుంటుంటే ఆపండి.

అమ్మ పసుపు రాయమంటోంది. రాయొచ్చా?

వద్దు. అమ్మ ప్రేమతోనే చెబుతుంది, కానీ పసుపు పొడి గాయం మీద ఎండి అట్ట కడుతుంది. కింద చీము పడుతున్నా కనిపించదు, డాక్టర్ దాన్ని రుద్ది తీయాలి, పాముకి మళ్లీ బాధ. సున్నం, కాఫీ పొడి, వేపనూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి సరీసృపాలకి విషమే, పంజరం కడగడానికి కూడా వాడకండి. మనుషులకి రాసే నొప్పి తగ్గించే క్రీముల్లో తిమ్మిరెక్కించే మందు కలిసి ఉండొచ్చు, చిన్న ఒళ్లున్న పాముకి అది ఎక్కువ మోతాదు అవుతుంది. మనం మింగే నొప్పి మాత్రలు అసలే వద్దు.

ఎలుక కొరికింది. చిన్న గాటే, వదిలేయొచ్చా?

వదిలేయకండి. ఎలుక పళ్లు సన్నగా లోతుకి దిగుతాయి, పైన చర్మం మూసుకుని లోపల చీము పడుతుంది. పైన చెప్పినట్టు శుభ్రం చేసి రెండు మూడు వారాలు రోజూ ఆ చోటు తడిమి చూడండి. బతికిన ఎలుకని పాముతో వదిలి వెళ్లే అలవాటు మానాలి. ఆకలి లేని పామునైతే ఎలుక ఎముక కనిపించేదాకా కొరికిన సందర్భాలు ఉన్నాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఎలుకని కరిగించి, వెచ్చబెట్టి పటకారుతో ఇవ్వడమే రెండు ప్రాణాలకీ మంచిది.

తోక అడుగున పొలుసులు ఎర్రబడి బొబ్బలు వచ్చాయి.

రెండు కారణాలు ఎక్కువ. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ (పాముకి వేడినిచ్చే కరెంటు పట్టా) మీద కాలడం ఒకటి. పాము పొట్టకింది వేడిని త్వరగా గుర్తించదు, కాలుతున్నా అక్కడే పడుకుంటుంది. రెండోది వానాకాలంలో పంజరంలో పరిచిన తడి పొట్టు మీద రోజుల తరబడి ఉండటం. కాలితే ఆ చోటుని చల్లని నీళ్లతో కాసేపు తడిపి డాక్టర్‌కి చూపించండి, ఐస్ వద్దు. తడి వల్లయితే వెంటనే పొడి కాగితం పరవండి. బొబ్బలు చిదమకండి. వెంట్ చుట్టూ, కళ్ల చుట్టూ నల్లని చుక్కల్లాంటి పురుగులు కదులుతుంటే అవి మైట్స్, దానికి వేరే వైద్యం.

ఇంకొక మాట. మే నెలలో మన గదులే 35 డిగ్రీలు దాటుతాయి. ఆ రోజుల్లో హీట్ మ్యాట్ ఆపేసి, గది చల్లబరచడం గురించి ఆలోచించాలి.

చీమైతే మెత్తగా ఉండి కారాలి కదా? ఇది గట్టిగా ఉందేంటి?

పాముల చీము మనుషులది లాంటిది కాదు. మన చీముని కరిగించే ఒక ఎంజైమ్ వాటి తెల్లరక్తకణాల్లో లేదు. అందుకే అది గట్టి ముద్దగా, పసుపు తెలుపు రంగులో పొరలు పొరలుగా పేరుకుంటుంది, చుట్టూ ఒక తిత్తి కడుతుంది. ఆ తిత్తిలోకి మందు సరిగా చేరదు కాబట్టి యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే గడ్డ కరగదు. మత్తిచ్చి కోసి, ముద్దనీ తిత్తినీ తీసి, ముక్కని కల్చర్ పరీక్షకి (అందులో ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చడానికి) పంపి, వచ్చిన సూక్ష్మజీవిని బట్టి మందివ్వాలి. సూదితో గుచ్చి పిండితే పోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇంజెక్షన్లు పాముల్లో సాధారణంగా ఒంటి ముందు భాగంలోనే ఇస్తారు. తోక వైపు నుంచి వచ్చే రక్తం గుండెకి చేరేముందు మూత్రపిండాల గుండా వెళ్లే దారి ఒకటి ఉంది, కొన్ని మందులు వాటిని దెబ్బతీయొచ్చు. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ని చాలామంది డాక్టర్లు మూడు రోజులకోసారి ఇస్తారు. పాము ఒంట్లో మందు నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఆ ఎడం. కుక్కలా రోజూ ఎందుకివ్వట్లేదని టెన్షన్ పడకండి.

మందు పనిచేయాలన్నా, ఒళ్లు ఇన్ఫెక్షన్‌తో పోరాడాలన్నా వేడి సరిగా ఉండాలి. బాల్ పైథాన్‌కి వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27. డిసెంబర్ రాత్రుల్లో కరెంటు పోతే ఇది పడిపోతుంది, వైద్యం జరుగుతున్న రోజుల్లో ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోండి.

వెంట్ నుంచి ఎర్రగా, గులాబీ రంగులో ఏదో బయటికొచ్చి లోపలికి పోవట్లేదు.

ఇది అత్యవసరం, గంటల్లో డాక్టర్ దగ్గర ఉండాలి. మగపాము హెమిపెనిస్ కావచ్చు, పేగు చివర భాగం కావచ్చు. మీరు తేల్చక్కర్లేదు. పామునొక్కదాన్నే తడి టిష్యూ పేపర్ మీద పెట్టండి. బయటికొచ్చిన భాగం ఎండిపోకుండా చూడటమే ముఖ్యం. సెలైన్‌తో కడిగి, చిక్కని చక్కెర నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డ దాని మీద కప్పితే వాపు కొంత దిగుతుంది. వేలితో లోపలికి తోయకండి. హెమిపెనిస్ అయి, చచ్చిపోతే దాన్ని తీసేయొచ్చు. మూత్రానికి దానితో సంబంధం లేదు, రెండోది ఉంటుంది కాబట్టి పిల్లల్ని కనే శక్తీ పోదు. పేగు భాగమైతే మాత్రం విషయం వేరు, కాబట్టి ఆలస్యం వద్దు.

డాక్టర్ తోక చివర తీసేయాలంటున్నారు. బతుకుతుందా? మళ్లీ పెరుగుతుందా?

బల్లి తోకలా పాము తోక పెరగదు. కానీ చివర కొంత పోయినా పెంపుడు పాము బాగానే బతుకుతుంది, తింటుంది, పాకుతుంది. కొమ్మలకి తోక చుట్టి వేలాడే బోవాలకి పట్టు కొంచెం తగ్గొచ్చు, వాటికి లావు కొమ్మలు, తక్కువ ఎత్తు పెట్టండి.

బతికిన చర్మంలోకి కొంచెం జరిగి, రెండు వెన్నుపూసల మధ్య కోస్తారు. ఐసోఫ్లూరేన్ లాంటి మత్తుతో, నొప్పి మందుతో చేయాల్సిన పని ఇది. మత్తు లేకుండా కత్తిరిద్దామనేవాళ్ల దగ్గర్నుంచి పాముని తీసుకుని వచ్చేయండి. అది సహించినట్టు కనిపించినా నొప్పి ఉంటుంది. మగపాము అయితే హెమిపెనిస్ ఎంత దూరం వెళ్లాయో చూసి కోయాలి, అందుకే వెంట్‌కి దగ్గరగా కోత పడేలోపే వెళ్లడం మేలు.

తోక వంకరగా ఉంది, వాపు లేదు.

పుట్టుకతోనే ఉంటే, గుడ్డు పొదిగినప్పటి వేడి తేడాల వల్ల కావచ్చు, మారకుండా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా ఎక్స్‌రే తీయించండి. వెన్నుపూసల ఇన్ఫెక్షన్ అలాగే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ చూపించాలి?

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ప్రైవేటులో పక్షులకి, సరీసృపాలకి చూసే క్లినిక్‌లూ ఉన్నాయి. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి "ఈ రోజు పాములకి చూసే డాక్టర్ ఉన్నారా, ఎక్స్‌రే, గ్యాస్ మత్తు ఉన్నాయా" అని అడిగాకే బయల్దేరండి. ఇది అవసరం రాకముందే, ఈ వారంలోనే అడిగి రాసిపెట్టుకోండి.

తీసుకెళ్లేటప్పుడు దిండు గలీబులో పెట్టి మూతి ముడి వేసి, గాలి రంధ్రాలున్న డబ్బాలో ఉంచండి. స్కూటీ డిక్కీలో పెట్టొద్దు, ఎండలో ఆపిన కారులో వదలొద్దు. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లండి. పంజరం ఫొటో, వేడి తేమ లెక్కలు, చివరిసారి తిన్న తేదీ, కుబుసం విడిచిన తేదీ, చివరి కుబుసం వెంట ఉండాలి.

కాగితాలు లేవు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇబ్బందా?

బాల్ పైథాన్, బోవా లాంటివి సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జాతులు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వీటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేయకపోతే ఆ పని ఇప్పుడైనా మొదలుపెట్టండి. కాగితాల భయంతో పాముని కుళ్లుతున్న తోకతో ఇంట్లో దాచడం మాత్రం తప్పు.

మన దేశపు పాములైన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము లాంటివాటిని పెంచడం 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద నేరం. రెండు తలల పాము తోక మొద్దుగా ఉండటం వాపు కాదు, దాని ఆకారమే అంత. శత్రువు తోకని తలనుకుని దాని మీద పడేలా ప్రకృతి ఇచ్చిన రక్షణ అది. అదృష్టం తెస్తుందని నమ్మించి అమ్మేవాళ్లు అది తలలా కనిపించడానికి తోకని కోసి, కాల్చి గాయపరచడం కూడా జరుగుతోంది. ఎవరైనా అమ్మజూపితే కొనకండి, అటవీ శాఖకి చెప్పండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకల జిగురు అట్టకి పాము తోక అంటుకుపోయింది.

ముట్టుకోకండి, లాగకండి. చర్మం ఊడొస్తుంది, పైగా అది ఏ పామో మీకు తెలియదు. మన ఊళ్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉన్నాయి. దూరంగా నిలబడి ఒకరు చూస్తూ ఉండండి, పిల్లల్ని, కుక్కల్ని రానివ్వకండి. 1995 నుంచి పాముల్ని కాపాడే పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో, అటవీ శాఖకో ఫోన్ చేయండి. జిగురుని నూనెతో కరిగించి తీయడం వాళ్లకి తెలుసు. ఆ తర్వాత సెల్లార్‌లో జిగురు అట్టలు పెట్టొద్దని అసోసియేషన్‌తో మాట్లాడండి.

వైద్యం జరుగుతున్నప్పుడు తిండి పెట్టాలా?

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ చెప్పినన్ని రోజులు పెట్టకండి. తర్వాత మామూలు కన్నా చిన్న ఎలుకతో మొదలుపెట్టండి. తినకపోతే బలవంతం వద్దు, పెద్ద పాము కొన్ని వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోకండి.

గాయం ఎన్నాళ్లకి మానుతుంది?

మనం అనుకునే దానికన్నా నెమ్మదిగా. కుట్లు నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంచుతారు, కొందరు డాక్టర్లు తర్వాతి కుబుసం దాకా ఆగుతారు. మానే సమయంలో పాము మామూలు కన్నా తొందరగా కుబుసం విడవొచ్చు, మంచిదే. ప్రతి కుబుసంతో మచ్చ కాస్త మెరుగవుతుంది. కానీ మచ్చ చుట్టూ కుబుసం మళ్లీ ఇరుక్కుంటుంది కాబట్టి ఆ తోకని ఇక ఎప్పుడూ ప్రత్యేకంగా చూడాలి. రెండు రోజులకోసారి అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, వాపు పెరుగుతోందో తగ్గుతోందో కంటికన్నా ఫొటోలో బాగా తెలుస్తుంది. గాయం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పాముల దగ్గర సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. నీళ్ల గిన్నెని వంటింటి సింక్‌లో కడగకండి.